ఏడుపు కోసం

ఏ తండ్రయినా బిడ్డ ఏడుపు కోసం ఎదురుచూస్తాడా? అతను మాత్రం ఉయ్యాల చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

ఉయ్యాల కర్రకి చిన్న మైకు కట్టాడు. దాని వైరు బల్ల మీది కంప్యూటర్‌కి, అక్కణ్ణుంచి అగ్గిపెట్టెంత రిలే స్విచ్చుకి, ఆ స్విచ్చు నుంచి వంటింట్లో పొయ్యి పైనున్న ఎర్ర బల్బుకి వెళ్ళింది. చప్పట్లు కొట్టి చూశాడు, గిన్నె మోగించి చూశాడు. బల్బు వెలగలేదు. వెలగకూడదు కూడా. కంప్యూటర్‌కి అతను నేర్పింది ఒక్క ఏడుపే. రోజూ ఇల్లు పీకి పందిరేసే పిల్ల ఇవాళే ఆదమరిచి నిద్రపోతోంది.

"రేపు పొద్దున్నే నువ్వు బండెక్కేస్తావు, నేను డ్యూటీకి పోతాను. ఇవాళే తేలిపోవాలమ్మా," అన్నాడు తల్లితో. గిల్లడానికి చెయ్యి రాలేదు. పిల్ల అరికాలు మెల్లగా గీరాడు.

"నిద్రపోయే పసిదాన్ని ఏడిపిస్తావేంట్రా? మతిగానీ పోయిందా నీకు?"

పిల్ల మూతి ముడిచింది, కళ్ళు తెరిచింది, కేరుమంది. రిలే టక్కుమంది. అతని తల్లి అలవాటు కొద్దీ వంటింటివైపు లేవబోయింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

వంటింట్లో గరిటె కిందపడిన చప్పుడైంది. తడి చేతులతోనే అతని భార్య పరుగెత్తుకొచ్చి పిల్లని ఎత్తుకుంది.

ఆమెకి పుట్టుకతోనే వినపడదు. ఇన్నాళ్ళూ పిల్ల ఏడిస్తే ఎవరో ఒకరు వెళ్ళి ఆమె భుజం తట్టేవారు.

ఇవాళ పిల్లే పిలిచింది.