నలభై ఒకటో నెంబరు గోడ

భార్గవ్ సున్నం బకెట్టు కింద పెట్టగానే ముత్తమ్మ వచ్చి గోడకు అడ్డంగా నిలబడింది.

ఆ గోడ నిండా బొగ్గు గీతలు. నడుమ నడుమ ఎర్రమన్ను బొట్లు. వాటి మీద నెంబరు వేస్తే ఎవరికి కనబడుతుంది?

అది 1997 వేసవి. రెండు రూపాయల కిలో బియ్యం మూడున్నర అయి ఏడాది కావస్తోంది. ఆ మార్పు పేదల కంచాన్ని ఎంత తాకిందో కొలిచి డాక్టరేటు పుచ్చుకుందామని భార్గవ్ తొండుపల్లికి వచ్చాడు. మహా పద్ధతి గల మనిషి. ముందు ప్రతి గోడకూ సున్నం కొట్టి నెంబరు వేయాలి, ఆ తర్వాతే ప్రశ్నలు.

"ఆ గీతలు జర ఉండనియ్యి బిడ్డా. పనికొస్తయి," అంది ముత్తమ్మ.

"మళ్ళీ గీసుకోవచ్చులే అమ్మా," అన్నాడు భార్గవ్.

గోడంతా తెల్లబడింది. దాని మీద నీలిరంగుతో 41 అని ముచ్చటగా రాశాడు.

ముత్తమ్మకు రేషన్ కార్డు లేదు. కార్డు లేనివాళ్ళను అడగడానికి అతని దగ్గర ప్రశ్నలూ లేవు. ఆవిడే పొయ్యిలనీ పొగనీ ఏదో చెప్పబోయింది. ఇంకా అరవై ఇళ్ళున్నాయి, ఎండ మాడ్చేస్తోంది. ఆవిడ ఇచ్చిన చెంబెడు నీళ్ళు తాగి, కాగితం మీద ఓ ముక్క గిలికి పక్కింటికి నడిచాడు.

ఆరు నెలల తర్వాత ప్రొఫెసర్ మృదులగారు అతని థీసిస్ వెనక్కి ఇచ్చేశారు. ధర పెరిగాక ఏం తింటున్నారో రాశావు సరే, పెరగకముందు సంగతేమిటని అడిగారు. జ్ఞాపకం మీద చెప్పినవి చెల్లవన్నారు.

"ముందు కొలత లేనిదే మార్పు అని ఎలా అంటావయ్యా? అది తీసుకురా. లేదంటే ఇన్నాళ్ళ శ్రమ మీద ఆశ వదులుకో."

భార్గవ్ దారులన్నీ వెతికాడు. రేషన్ షాపు పుస్తకాల్లో ఇచ్చిన బియ్యం ఉంటుంది గాని, పస్తులు ఉండవు కదా. ఆరాంఘర్‌లో బస్సు మారి మళ్ళీ తొండుపల్లి వెళ్ళి, అప్పటి లెక్క ఎవరైనా రాసి ఉంచారా అని ఇల్లిల్లూ అడిగాడు.

నలభై ఒకటో ఇంటికి తాళం వేసి ఉంది. వానాకాలంలో జ్వరం వచ్చి ముత్తమ్మ పోయిందని పక్కింటి స్వరాజ్యం చెప్పింది.

అతను వచ్చిన పని విని ఆమె ఆ గోడ సంగతి చెప్పింది. ముత్తమ్మ రోజూ పొద్దున్నే వాడంతా తిరిగేదట. పొయ్యి వెలిగిన ఇళ్ళలో పిడికెడు జొన్నపిండి అడిగి, గటక కాచి, పొయ్యి వెలగని ఇళ్ళకు ఇచ్చి వచ్చేదట. వచ్చాక, వెలగని పొయ్యికి ఒకటి చొప్పున గోడ మీద గీత గీసేదట. అమావాస్య అమావాస్యకూ ఒక బొట్టు.

"మూడేండ్ల గీతలు సారూ," అంది స్వరాజ్యం. "రేటు పెరిగిన నెల పెద్ద బొట్టు పెట్టింది. ఆడికెల్లి ఇగ గీతలే గీతలు. చదువుకున్నోళ్ళు ఎవరన్న అడిగితే చూపెడత అంటుండె."

భార్గవ్ గోరుతో గోడ గీకాడు. సున్నంతో పాటు బొగ్గూ రాలిపోయింది.

 సంచిలోంచి నలభై ఒకటో నెంబరు కాగితం తీశాడు.

మూడేళ్ళపాటు రోజూ పొద్దున్నే అతని థీసిస్‌ను గోడ మీద రాసిపెట్టిన మనిషి పేరు ఎదురుగా, అతని చేతిరాతతోనే, 'చెప్పదగ్గ సమాచారం లేదు' అని ఉంది.