అప్పలసామి ఇంటి ప్రార్థన

"నాను రానులా తాతా. పాస్టరుకి నువ్వే సెప్పు."

తెల్ల గౌను వేసుకుని, జుట్టు ముడేసుకుని, తీరా పేరు పిలిచే వేళకు, మలేసియా వాళ్ల అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ తర్షిణి మొండికేసింది. బాగన్ దాతుక్‌లో వాళ్ల చర్చి వెనక, కొబ్బరిచెట్ల కింద సిమెంటు తొట్టి నిండా నీళ్లున్నాయి. తొట్టి చుట్టూ సంఘమంతా పాట అందుకుంది. ఆ ఉదయం బాప్తీస్మానికి పేరిచ్చింది తర్షిణి ఒక్కతే. ఆమేమో చెట్టు చాటు బల్ల మీద కూర్చుని కదలనంటోంది.

అప్పలసామి మనవరాలి పక్కన చతికిలబడ్డాడు.

"ఏటమ్మా, నీళ్లంటే భయమా?"

"నీళ్లకి కాదు తాతా. నీకున్నంత విశ్వాసం నాకు నేదు. రోజూ నువ్వు గంట కొడతావు, నాను వచ్చి కూకుంటాను. అంతే. నీళ్లల్లో దిగి అబద్ధం ఆడమంటావా?"

అప్పలసామి తొట్టి వైపు చూశాడు. భార్య కూర్మమ్మ ఆసుపత్రి మంచం మీద అతని చెయ్యి పట్టుకుని అడిగినవి రెండే. ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఆగకూడదు, పిల్లని ప్రభువు దగ్గరికి చేర్చాలి. ఆమె పోయిన మర్నాటి నుంచీ అతను ఆ పని మీదే ఉన్నాడు. వాన పడనీ, టీవీలో ఫుట్‌బాల్ రానీ, పొద్దుగూకితే గంట మోగాల్సిందే. కోడలు వినోదిని పొయ్యి కట్టేసి రావాల్సిందే. తెలుగు చదవడం రాని తర్షిణి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న వాక్యాన్ని తడబడుతూ చదవాల్సిందే. ప్రార్థన వంతు కూడా ఆమెదే. "నీ గొంతు బాగుంటాదమ్మా, నువ్వు సెయ్యి" అని తాత ఎప్పుడూ తప్పించుకునేవాడు.

చర్చిలో అతనంటే అందరికీ గౌరవం. ప్రభువు బల్ల జరిగే ఆదివారాల్లో, బాప్తీస్మం పొందినవాళ్లంతా రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే తను బయటికెళ్లి మోటారు సైకిళ్లకు కాపలా కూర్చునేవాడు. ఇంత తగ్గింపు ఈ రోజుల్లో ఎవరికుంటుందని, కౌలాలంపూర్ నుంచి వచ్చిన కొత్త పాస్టరు ప్రసంగంలోనే మెచ్చుకున్నాడు. అప్పలసామి ఆ రోజు తల వంచుకుని చాలాసేపు నేల చూస్తూ ఉండిపోయాడు.

"మొదట్లో ఎవలైనా అంతేనమ్మా," అన్నాడు అతనిప్పుడు. "మాటిచ్చినాం గదాని కూకుంటాం. సెవులు ఇనవు, నోరు ఆమెన్ అనదు. రోజూ కూకోగా కూకోగా ఒకనాడు లోపల ఏదో కదుల్తాది."

"నీకెప్పుడు కదిలింది?"

"మొన్న నువ్వు జొరంతో లేచొచ్చినావు సూడు. సదవనేక, 'దేవా, తాతని సల్లగా సూడు' అని ఊరుకున్నావు. అప్పుడు."

తర్షిణి నవ్వేసింది. "పోలా తాతా! ఆటపట్టించకు."

అప్పలసామి నవ్వలేదు.

"నిజం సెప్తే, ఆ రోజు నాకూ ఎవలో ఇంటన్నట్టు అనిపించింది," అంది మెల్లగా.

"అది సాలమ్మా. దానికే గదా ఇన్నాళ్లు కూకున్నది."

ఆమె లేచింది. "నువ్వు పక్కనే ఉండాల."

"ఉంటాను, పద."

ఇద్దరూ రావడం చూసి పాట హుషారుగా పెరిగింది. అప్పటికే నడుం లోతు నీళ్లలో నిలబడ్డ పాస్టరు చెయ్యి అందించాడు. తర్షిణి మెట్లు దిగింది. గట్టు మీద తువాలు పట్టుకుని నిలబడాల్సిన అప్పలసామి దాన్ని వినోదిని చేతిలో పెట్టాడు. చేతి గడియారం తీసి ఆమెకే ఇచ్చాడు. పంచె ఎగ్గట్టి మనవరాలి వెనకే నీళ్లలోకి దిగాడు.

పాస్టరు కంగారుపడ్డాడు. "మీరెందుకండీ పెద్దాయనా? ఈ వయసులో జలుబు చేస్తుంది. మీకు బాప్తీస్మం ఎప్పుడో అయిపోయిందిగా!"

"నానింకా తీసుకోనేదు బాబూ."