బీరువా తాళం

"ఇదిగో, మొదలైంది" అంటూ నీల్ టర్కీ కోడి ముక్కల పళ్ళెం తన వైపు లాక్కున్నాడు.

థాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర తన నాన్నకీ, తన భార్య కొలీన్‌కీ తుపాకుల మీద వాదన జరగకపోతే ఆ ఇంట్లో పండగ జరిగినట్టే కాదు. నాన్న గెరిట్ డైక్‌స్ట్రాకి డెబ్భై దాటాయి. మిషిగన్ ఉత్తరాన ఆ చిన్న ఊళ్ళో ఆయన్ని మించిన వేటగాడు లేడని పేరు. ఆరేళ్ళుగా మోకాళ్ళ నొప్పులని లేళ్ళ వేటకి వెళ్ళడం మానేశాడు గానీ, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. "నువ్వన్నదే రైటు" అనే మాట ఆయన నోట, పోయిన భార్య కూడా ఏనాడూ వినలేదు.

కోడలు కొలీన్ ఎమర్జెన్సీ వార్డులో నర్సు. ఆమె దగ్గర లెక్కలుంటాయి. ఆయన దగ్గర ఎదురు లెక్కలుంటాయి.

మధ్యలో నలిగేది నీల్, కొలీన్‌ల ఆరేళ్ళ కూతురు ట్రూడీ. ఎవరింట్లో పిల్లని పడుకోబెట్టాలన్నా, "మీ ఇంట్లో తుపాకీ ఉందా? తాళంలో ఉందా?" అని అడగందే కొలీన్ పంపదు. తాతగారిల్లయినా అదే రూలు. ఆ ప్రశ్నకి తాతగారు జవాబివ్వరు. అందుకే ఏటా భోజనం ఇక్కడ, పడక మోటెల్లో. ఈసారి ట్రూడీ తన దిండు తనే మోసుకొచ్చి తాత సోఫా మీద పెట్టేసింది. అడిగితే, ఇవాళ ఇక్కడే పడుకుంటానంది.

"ఇంట్లో తుపాకీ ఉంటే దొంగకన్నా ఇంట్లోవాళ్ళకే ముప్పు మామయ్యా. పరిశోధనలున్నాయి" అంది కొలీన్.

"ఏటా పాతిక లక్షల మంది తుపాకీ చూపించే ప్రాణాలు కాపాడుకుంటున్నారు. అదీ పరిశోధనే!"

"కొన్ని వేల మందిని ఫోన్లో అడిగి దేశం మొత్తానికి గుణించిన లెక్క అది. ఇంకో సర్వేలో అది లక్ష చుట్టూనే తిరిగింది."

"నీకు నచ్చింది సర్వే, నాకు నచ్చింది సోదీనా? అసలు తుపాకీతో పోయేవాళ్ళలో సగానికి పైగా ఎవరి ప్రాణం వాళ్ళు తీసుకున్నవాళ్ళే. దానికి నా తుపాకీ ఏం చేసిందట?"

"చేతికి అందేచోట ఉంది. అదే చేసింది."

నీల్ గ్రేవీ వడ్డించుకున్నాడు. అతను ఏ పక్షమూ కాదు, తిండి పక్షం.

"ఈతకొలనుల్లో ఎంతమంది పసివాళ్ళు పోవడం లేదు? వాటిని పూడ్చేయమంటావా?" అన్నాడు గెరిట్, బల్ల మీద కొట్టి.

"పూడ్చమనను. కంచె వెయ్యమంటాను."

"నా తుపాకులకీ ఉందమ్మాయ్ కంచె! బేస్‌మెంట్‌లో ఇనప బీరువా ఉంది."

కొలీన్ ఫోర్కు కింద పెట్టింది. "సరే, నేనే ఒక మెట్టు దిగుతాను. తుపాకులు మీ దగ్గరే ఉంచుకోండి. ఆ బీరువా తెరిచి, లోపల భద్రంగా ఉన్నాయని ఒక్కసారి చూపించండి చాలు. ట్రూడీ ఇవాళ ఇక్కడే పడుకుంటుంది."

ట్రూడీ కుర్చీలో ఎగిరింది. నీల్ నమలడం ఆపాడు. ఇన్నేళ్ళలో ఆమె అంత తగ్గడం అతను చూడలేదు.

గెరిట్ మొహం కందగడ్డయింది. "నా ఇంట్లో నాకే సోదాలా? చూపించను."

"నాన్నా, చూపించెయ్. ఏం పోయింది?"

"హక్కు పోతుందిరా, హక్కు!"

ఇక మాట్లాడ్డానికేముంది? వంటలు మిగిలినవి మిగిలినట్టే డబ్బాల్లోకి సర్దారు. కోట్లు తొడుక్కున్నారు. గుమ్మం దగ్గర ట్రూడీ దిండు గుండెలకి హత్తుకుని వెనక్కి తిరిగింది. ముక్కు ఎర్రగా ఉంది.

"తాతా, నీకు నాకన్నా తుపాకులే ఎక్కువ ఇష్టమా?"

ముసలాయనకి ఆ ప్రశ్నకి ఎదురు లెక్క దొరకలేదు. బయట కారు ఇంజను మోగుతోంది. చివరికి జేబులోంచి తాళం తీసి కోడలి వైపు తిరిగాడు.

"రా అమ్మాయ్, చూసి చావు. చూశాక ఒక్క మాటన్నావో, మర్యాదగా ఉండదు!"

గొణుక్కుంటూ బేస్‌మెంట్ మెట్లు దిగాడు. మోకాళ్ళ సంగతి మర్చిపోయినట్టున్నాడు, చకచకా దిగాడు. వెనకే కొలీన్. ఆయన తాళం తిప్పి, బరువైన తలుపు లాగి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

లోపల ట్రూడీ పుట్టిన సంవత్సరం మొదలుకుని ఏటికేడాది చీటీ అంటించి పేర్చిన చెర్రీ జామ్ సీసాలు తప్ప, ఒక్క తుపాకీ కూడా లేదు.