మూడో బుట్ట

మిరపకాయల తొడిమలు తీయడం అయ్యాక నాగరత్నం చేట దులిపి అరుగు మీద పెట్టింది. ఆ రోజు వాటా గెలాక్సీలు అందులోకి మిణుగురుల్లా దిగాయి. టెలిస్కోపుల వాళ్ల కోసం వాటిని రకాలుగా ఏరడమే ఇప్పుడు ఊళ్లో ప్రతి ఇంటా మధ్యాహ్నం పని. కోడలు వాటి వెలుగు చూస్తుంది. చూపు పోయిన అత్త వెంకాయమ్మ చెవికి ఆనించుకుని రేడియో తరంగాల సవ్వడి వింటుంది. గామా కిరణాల ఘాటు ఇద్దరి ముక్కుకూ తగులుతుంది. మనవైపు తిరిగి ఘాటుగా మండేవి ఒక బుట్టలోకి, పక్కకు తిరిగి నెమ్మదిగా ఉండేవి మరో బుట్టలోకి వెళతాయి. పొద్దుగూకేలోగా ఏ బుట్టలోనూ పడనిదాని వైపు ఇక ఏ టెలిస్కోపూ తిరగదు.

"అత్తయ్యా, ఇది చూడ్డానికి నిమ్మళంగా ఉంది. ఘాటు మాత్రం కళ్లనీళ్లు తెప్పిస్తంది. ఎందులో వెయ్యమంటారు?"

వెంకాయమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింది.

"మీ మావయ్య ఇట్టాగే ఉండేవాడు. నలుగురిలో నోరు విప్పేవాడు కాదు. చూపు మాత్రం నా మీదే ఉండేది."

"మరి బుట్ట?"

ముసలామె తన ఆకువక్కల బుట్ట ఖాళీ చేసి ముందుకు జరిపింది.

"ఇన్ని కోట్ల ఏళ్ల నుంచీ మనవైపే చూస్తన్నదాన్ని, ఏ రకమో తేలలేదని పొమ్మంటామా?"

మర్నాడు నాగరత్నం వీధిలోకి చూస్తే, ప్రతి అరుగు మీదా మూడో బుట్ట ఉంది.