పూడ్చడం

పూడుస్తామంటారేమిటి, ఆ మాట తప్ప ఇంకోటి దొరకలేదా అనుకుంటూ పావని చంటిపిల్లతో బెంచీ మీంచి మూడోసారి లేచింది. ఇప్పుడు వీధి వీధికీ గుండె చిల్లులు పూడ్చే దుకాణాలే. తొడ నరంలోంచి సన్నటి తీగ పంపి, చిల్లు దగ్గర చిన్న గొడుగు విప్పేస్తారు. పక్కావిడ తన పిల్లాణ్ణి లోపలికిచ్చి, తీరిగ్గా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

నర్సు చేతులు చాపింది. "ఇలా ఇవ్వక్కా. చెవులు కుట్టినంత సేపు కూడా పట్టదు, పూడ్చేస్తాం."

"మూస్తామను తల్లీ. ఈ దుకాణాలు రాకముందు, ఇదే చిల్లుతో పోతే, మా పెద్దదాన్ని పూడ్చాం."

నర్సు చేతులు దించేసింది. మళ్లీ చాపుతూ, "మూసి తెచ్చిస్తానక్కా," అంది మెల్లగా.

పావని మనసు కుదుటపడలేదు. అయినా తన నల్లపూసల్ని పట్టుకున్న బిడ్డ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది.