ఏనుగు లాగినా చిరగని ప్యాంటు

మార్చి 12, మంగళవారం. పొద్దున్నే తలుపు తీయగానే ఆశ్చర్యపోయాను. కాగితం మిల్లులో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన నాన్న జీన్స్ కుడి కాలు మోకాలి వరకే ఉంది.

"కుక్క తరిమిందా నాన్నా?"

"మిషన్‌కి ఆకలేసిందమ్మా," అని నవ్వి పడుకున్నాడు.

చవక ప్యాంట్లు కొంటే ఇంతే అనుకున్నాను. ట్యూషన్లు చెప్పి దాచుకున్నదంతా పట్టుకుని పెద్ద బట్టల కొట్టుకు వెళ్లాను. మంచి జీన్స్ ధర మూడింతలుంది. కొట్టతను ఒక అంచు నా చేతికిచ్చి, రెండోది తాను గుంజాడు.

"ఏనుగు లాగినా చిరగదమ్మా. తడిస్తే మాత్రం ఆరడానికి రెండ్రోజులు పడుతుంది, అంత మందం."

సాయంత్రం నాన్న వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. నడుముకూ పొడవుకూ కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

"ఇంతకీ పాతది ఎలా చిరిగింది?"

"రోలర్ ప్యాంటు అంచు పట్టుకుని లోపలికి లాగేసిందే. నాసిరకం గుడ్డ కదా, అదృష్టం, మోకాలి దగ్గర పర్రున తెగిపోయింది. లేకపోతే నేనూ కాగితమైపోయేవాణ్ణి."

వంగి కొత్త జీన్స్ అంచు పట్టుకుని గుంజాను; దారం కూడా కదల్లేదు.

"ఇది మిల్లుకు వేసుకెళ్లకు నాన్నా."

"నా కూతురు కొన్నది పెట్టెలో దాస్తానా? రేపట్నుంచి పొద్దున డ్యూటీ, ఆరింటికి ఇదే వేసుకెళ్తా."

ఎంత చెప్పినా వినలేదు. ఇస్త్రీ నలగకుండా పరుపు కింద పరుచుకుని, దానిమీదే పడుకున్నాడు.

ఆరడానికి రెండ్రోజులు. ఆలోపు నాకు ఇంకేదైనా తోచాలి. రేపు పొద్దున ఆయన స్నానానికి వెళ్లగానే పరుపు కింద నుంచి లాగి, బకెట్‌లో నిండా ముంచేస్తాను.