గుమ్మంలో పాప

పురిటికి పుట్టింటికెళ్ళిన హైమ, ఐదో నెలలో పాపనెత్తుకుని కాకినాడలో అత్తవారి అపార్ట్‌మెంటుకి తిరిగొచ్చింది. గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తూనే అత్తగారు మణెమ్మ ఎడమ చంక నొక్కుకుంది.

"బిళ్ళ కట్టినట్టుందిరా," అంది కొడుకుతో.

చక్రధర్ కూడా చంక తడుముకున్నాడు. అక్కడ చర్మం కింద ఇప్పుడు అందరికీ పూస ఉంటుంది. ఒకరి ఒంట్లో కణాలు రోగాన్ని పసిగట్టి ఆ పూసతో కబురు పెడితే, అపార్ట్‌మెంటులో అందరి కణాలూ దానిమీదికి లేస్తాయి. ఇక్కడ జ్వరమన్న మాట విని ఏళ్ళయింది.

"పాపకి పూస ఎక్కడ పెట్టించారు?" అన్నాడు.

"మా పార్వతీపురంలోనే. అమ్మ ముచ్చటపడి పెట్టించింది."

మణెమ్మ దిష్టి పళ్ళెం కింద పెట్టేసింది. "ఇంటి పిల్లకి ఇంట్లోనే పెట్టించాలి కదమ్మా. మన ఒళ్ళు దీన్ని పరాయిదనుకుంటోంది."

పైన తలుపులు తెరుచుకున్నాయి. ఒక చేత్తో చంక, ఇంకో చేత్తో ముక్కు పట్టుకుని జనం మెట్లు దిగుతున్నారు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు.

"నా బిడ్డని ముట్టుకోకండి," అంటూ హైమ పాపను గుండెకి హత్తుకుంది.

నెలల తరబడి దూరంగా ఉన్న ఆమె పూసకి ఈ ఇంటి కబురు అప్పుడే అందింది. చంకలో సన్నగా సలుపు మొదలైంది. దారంతా ముద్దాడుతూ వచ్చిన పాప ఒంటి పాల వాసన ఆమెకి వెగటుగా తోచింది.